రెండు మిర్రర్‌లెస్ కెమెరాల సెన్సర్లు: ఇంట్లోనే పోల్చి తేల్చుకునే పద్ధతి

పెళ్లిళ్ల సీజన్ ముందు కెమెరా మార్చాలనుకునే ఫొటోగ్రాఫర్లని వేధించే ప్రశ్న ఒకటే. చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ (వెలుతురుని ఫొటోగా మార్చే చిప్పు) సరిపోతుందా, పెద్దదైన ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లాలా? యూట్యూబ్‌లో పక్కపక్కన పెట్టి చూపించే ఫొటోల్లో చాలావాటికి లెన్సు వేరు, వెలుతురు వేరు, ఎడిటింగ్ వేరు. అక్కడ కనిపించే తేడాలో సెన్సర్ వాటా ఎంతో తేలదు. వెలుతురు, లెన్సు, ఫైలు ప్రాసెసింగ్, చూసే సైజు ఈ నాలుగూ సమానం చేశాక మిగిలిన తేడాయే సెన్సర్ది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మామూలు గదిలో, ఒక ట్రైపాడ్‌తో ఒక పూటలో ఈ పని చేసుకోవచ్చు.

ఉదాహరణకి రెండు బాడీలు (లెన్సు లేని కెమెరాలు) తీసుకుందాం: సోనీ ఏ6400, సోనీ ఏ7 మార్క్ 3. మొదటిది 2019లో, రెండోది 2018లో వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో రెండూ దొరుకుతాయి, రెండింటికీ లెన్సు తగిలించే చోటు ఒకే ఈ-మౌంట్, రెండూ 24 మెగాపిక్సెళ్లే. ఒకే లెన్సు రెండింటికీ పెట్టగలిగితే సగం తలనొప్పి పోయినట్టే. మీ దగ్గర వేరే బ్రాండ్లుంటే పద్ధతి మారదు, అంకెలు మార్చుకోండి.

ముందు కాగితం మీద లెక్క

ఏ6400 సెన్సర్ 23.5 × 15.6 మి.మీ., అంటే సుమారు 367 చదరపు మి.మీ. ఏ7 మార్క్ 3 సెన్సర్ 35.6 × 23.8 మి.మీ., సుమారు 847 చదరపు మి.మీ. వైశాల్యంలో తేడా 2.3 రెట్లు. ఫొటోగ్రఫీ భాషలో రెట్టింపు ఒక స్టాప్ కాబట్టి ఇది 1.2 స్టాపులు. ఈ ఒక్క అంకె గుర్తుంచుకోండి. అదే ఎఫ్ నంబరు (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె), అదే షట్టర్ స్పీడ్ పెట్టి అదే దృశ్యం తీస్తే పెద్ద సెన్సర్ మీద పడే మొత్తం వెలుతురు 2.3 రెట్లు. మీ పరీక్షలో అంతకంటే చాలా ఎక్కువ తేడా కనిపిస్తే ఎక్కడో ఏదో సమానం కాలేదని అనుమానించాలి.

రెండూ వెడల్పులో 6000 పిక్సెళ్లే ఇస్తాయి. కాబట్టి ఒక్కో పిక్సెల్ ఏ6400లో సుమారు 3.9 మైక్రాన్లు, ఏ7 మార్క్ 3లో 5.9 మైక్రాన్లు. ఇంకో తేడా నిర్మాణంలో ఉంది. ఏ7 మార్క్ 3ది బ్యాక్ ఇల్యూమినేటెడ్ రకం, వైరింగ్ పొర వెలుతురుకి అడ్డం రాకుండా వెనక ఉంటుంది. ఏ6400ది పాత పద్ధతి. అందుకని 1.2 స్టాపుల మీద కాస్త అటూ ఇటూ రావడం సహజం.

సెట్టింగులు: తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి

ఫుల్ ఫ్రేమ్‌కి తయారైన జూమ్ లెన్సు ఒకటి తీసుకోండి, 28-70 లాంటిది. ఏ6400 మీద 35 మి.మీ. దగ్గర, ఏ7 మార్క్ 3 మీద 52 మి.మీ. దగ్గర పెడితే ఫ్రేములో ఒకే దృశ్యం వస్తుంది. ట్రైపాడ్ కదిలించకండి. కిట్ లెన్సు 16-50 లాంటి ఏపీఎస్-సీ లెన్సు ఫుల్ ఫ్రేమ్ బాడీకి పెట్టారంటే బాడీ దానంతటదే సెన్సర్ మధ్యభాగాన్నే వాడే క్రాప్ మోడ్‌లోకి పోయి సుమారు 10 మెగాపిక్సెళ్ల ఫైలే ఇస్తుంది. "ఫుల్ ఫ్రేమ్ అంటారు గానీ డీటెయిల్ లేదే" అనేవాళ్లలో కొందరి సమస్య ఇదే. మెనూలో ఏపీఎస్-సీ సెట్టింగ్ ఎలా ఉందో ముందు చూడండి.

రెండు బాడీల్లోనూ ఫార్మాట్ రా (జేపెగ్‌గా మార్చని ముడి ఫైలు). ఏ6400 కంప్రెస్డ్ రా మాత్రమే ఇస్తుంది, ఏ7 మార్క్ 3లో అన్‌కంప్రెస్డ్ కూడా ఉంది. పోలిక న్యాయంగా ఉండాలంటే రెండింట్లోనూ కంప్రెస్డే పెట్టండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిజ్ రిడక్షన్ ఆఫ్ చేయండి. అది ఒక సెకను, ఆపై ఎక్స్‌పోజర్లకి రా ఫైలునే మారుస్తుంది. షేడింగ్ కాంపెన్సేషన్, డైనమిక్ రేంజ్ ఆప్టిమైజర్, స్టెడీషాట్ కూడా ఆఫ్. మోడ్ మాన్యువల్, ఆటో ఐఎస్ఓ (ఫొటో వెలుగు ఎంత పెంచాలో కెమెరాయే నిర్ణయించడం) వద్దు, షట్టర్ మెకానికల్, 2 సెకన్ల సెల్ఫ్ టైమర్. ఒకసారి ఆటోఫోకస్‌తో పట్టి, తర్వాత మాన్యువల్ ఫోకస్‌కి మార్చి వదిలేయండి.

టార్గెట్‌గా ఛార్టు కొననక్కర్లేదు. ఒక బల్ల మీద తెల్లటి పొందూరు ఖద్దరు మడత, నల్ల గొడుగు గుడ్డ, రాగి చెంబు, రంగు దారపు ఉండలు, సన్న అక్షరాల పేపరు ముక్క, ఒక బూడిద రంగు కాగితం పెట్టండి. చీకటి మూల ఒకటి ఉండాలి, నాయిజ్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) తల ఎత్తేది అక్కడే.

వెలుతురుకి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పైకప్పు మీదికి తిప్పి పెట్టి, పావుగంట వెలగనివ్వండి. వోల్టేజీ ఊగే ఊళ్లలో ఇన్వర్టర్ మీద పెట్టడం మంచిది. కిటికీ వెలుతురు నమ్మొద్దు. సముద్రం వైపు నించి ఒక మబ్బు తునక వచ్చిందంటే అర స్టాపు పోతుంది, మీ కంటికి తెలియదు కూడా. పరీక్ష మొదట్లో తీసిన ఫ్రేమునే చివర్లో అదే బాడీతో మళ్లీ తీసి, బూడిద కాగితం వెలుగు సరిపోల్చండి. తేడా ఉంటే మొత్తం మళ్లీ తీయాల్సిందే.

మొదటి పరీక్ష: నాయిజ్

అపర్చర్ ఎఫ్5.6 దగ్గర స్థిరం. ఐఎస్ఓ 100, షట్టర్ 2.5 సెకన్ల దగ్గర ఎక్స్‌పోజర్ సరిపోయేలా బల్బుని దగ్గరకో దూరానికో జరపండి. తర్వాత ఐఎస్ఓ రెట్టింపు చేసినప్పుడల్లా షట్టర్ సగం: 200కి 1.3 సెకన్లు, 400కి 0.6, 800కి 0.3, 1600కి 1/6, 3200కి 1/13, 6400కి 1/25, 12800కి 1/50. ఈ వరస 1/50 దగ్గర ఆగడానికి కారణముంది. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. 1/50లో సరిగ్గా రెండు మిణుకులు పూర్తిగా పడతాయి. 1/60, 1/125 పెడితే ఫ్రేము ఫ్రేముకీ వెలుగు మారి, సెన్సర్ల తేడా అనుకుని బల్బు తేడాని కొలుస్తారు.

రెండో బాడీతో అదే వరస. ఐఎస్ఓ, షట్టర్, ఎఫ్ నంబరు మూడూ ఒకటే ఉండాలి. ఒక కెమెరా ఫొటో కాస్త ముదురుగా వస్తే అక్కడే సరిచేయకండి, రాసి పెట్టుకోండి.

ఫైళ్లు తెరిచేది ఒకే సాఫ్ట్‌వేర్‌లో. లైట్‌రూమ్ అయినా సరే, ఉచితంగా దొరికే రాథెరపీ, డార్క్‌టేబుల్ అయినా సరే. షార్పెనింగ్ సున్నా, నాయిజ్ రిడక్షన్ రెండు స్లైడర్లూ సున్నా, వైట్ బ్యాలెన్స్ బూడిద కాగితం మీద క్లిక్ చేసి తీసుకోండి. లైట్‌రూమ్ తెరవగానే షార్పెనింగ్, కలర్ నాయిజ్ రిడక్షన్ కొంత దానంతటదే పెట్టేస్తుంది. సున్నా చేయడం మరిచిపోతే పోల్చేది ఆ సాఫ్ట్‌వేర్ పనితనాన్నే. కెమెరా జేపెగ్‌లు అసలు పోల్చకండి.

ఇప్పుడు చూసే సైజు. ఈ రెండు బాడీలూ 6000 × 4000 కాబట్టి 100 శాతం జూమ్‌లో నేరుగా పక్కపక్కన పెట్టొచ్చు. ఒకటి 24, ఇంకొకటి 33 మెగాపిక్సెళ్లయితే అలా పెట్టకూడదు. ఎక్కువ పిక్సెళ్లున్న ఫొటోని 100 శాతంలో చూస్తే దాన్ని ఎక్కువ పెద్దది చేసి చూస్తున్నట్టు, నాయిజ్ కూడా పెద్దదై కనిపిస్తుంది. రెండింటినీ ప్రింటు సైజుకి దించండి. మన ల్యాబుల్లో పెళ్లి ఆల్బం షీటు మామూలుగా 12 × 36 అంగుళాలు. అందులో సగం నిండా ఒకే ఫొటో అంటే 12 × 18, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 3600 × 5400. ఆ సైజులో కనపడని నాయిజ్ మీ వ్యాపారానికి లేనట్టే.

పోల్చేటప్పుడు ఫ్రేము మధ్యభాగమే చూడండి. మూలల్లో లెన్సు చేసే చీకటి ఫుల్ ఫ్రేమ్ మీద ఎక్కువ, దాన్ని సెన్సర్ ఖాతాలో వేయకూడదు. ఏ6400 ఐఎస్ఓ 1600 ఫొటోకి ఏ7 మార్క్ 3లో ఏ ఐఎస్ఓ ఫొటో జత కుదురుతుందో వెతకండి. 3200కీ 4000కీ మధ్య కుదరాలి. ఖద్దరు మడత మీద తేడా పెద్దగా తెలియదు, గొడుగు గుడ్డ ముడతల్లో తెలుస్తుంది.

ఆ 1.2 స్టాపులు ఎప్పుడు చేతికి రావు

ఫుల్ ఫ్రేమ్ కొనేవాళ్లకి దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి ఇది. పెద్ద సెన్సర్ లాభమంతా "అదే ఎఫ్ నంబరు వాడగలిగితే" అనే షరతు మీద నిలబడి ఉంది. ఫంక్షన్ హాల్లో స్టేజీ మీద మూడు వరసల బంధువుల్ని నిలబెట్టారనుకోండి. ఏ6400 మీద 35 మి.మీ., ఎఫ్2.8 దగ్గర ముందు వరసా వెనక వరసా ఎంత స్పష్టంగా వస్తాయో, ఏ7 మార్క్ 3 మీద అంత స్పష్టత కావాలంటే 52 మి.మీ. దగ్గర ఎఫ్4.2 పెట్టాలి. లెన్సు 1.2 స్టాపులు మూసుకుంది, షట్టర్ స్పీడ్ తగ్గించలేరు, ఐఎస్ఓ 1600 కాస్తా 3600 అయింది. నాయిజ్ రెండింట్లో ఇంచుమించు ఒక్కటే.

దీన్ని బల్ల మీదే రుజువు చేసుకోవచ్చు. ఏ6400 ఎఫ్2.8, ఐఎస్ఓ 1600తో ఒకటి, ఏ7 మార్క్ 3 ఎఫ్4, ఐఎస్ఓ 3200తో ఒకటి, షట్టర్ రెండింటికీ ఒకటే. ఏది ఏ కెమెరాదో చెప్పకుండా పక్కవాళ్లకి చూపించండి. జీలకర్ర-బెల్లం వేళ పెళ్లికూతురి ముఖం మీదే ఫోకస్ పెట్టి వెనకంతా మసకపరిచే ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లకి ఫుల్ ఫ్రేమ్ డబ్బు తిరిగొస్తుంది. గ్రూపు ఫొటోలే బతుకుతెరువైతే అదే డబ్బు లైట్ల మీద పెట్టడం నయం.

రెండో పరీక్ష: నీడల్ని పైకి లాగడం

ఎఫ్5.6, 1/13 దగ్గర ఐఎస్ఓ 3200కి సరైన ఎక్స్‌పోజర్ అని మొదటి పరీక్షలోనే తేలింది. ఇప్పుడు ఎఫ్ నంబరు, షట్టర్ కదిలించకుండా ఐఎస్ఓ మాత్రం 100, 200, 400, 500, 640, 800, 1600, 3200గా మారుస్తూ తీయండి. ఐఎస్ఓ 100 ఫొటో దాదాపు నల్లగా ఉంటుంది, కంగారు పడకండి. సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్ స్లైడర్‌తో 100కి 5 స్టాపులు, 200కి 4, 400కి 3, 500కి 2.67, 640కి 2.33, 800కి 2, 1600కి 1 పెంచండి. అన్నీ ఒకే వెలుగులోకి వస్తాయి. సెన్సర్ మీద పడిన వెలుతురు అన్నిట్లో ఒక్కటే కాబట్టి, ఇక కనిపించే తేడా లోపలి ఎలక్ట్రానిక్స్ కలిపే నాయిజే.

ఏ7 మార్క్ 3లో ఒక విశేషం కనిపిస్తుంది. 500 వరకూ నీడలు ఒక మాదిరి గరుకుగా ఉండి, 640 దగ్గర ఒక్కసారి శుభ్రపడతాయి. ఈ సెన్సర్‌లో సిగ్నల్‌ని పెంచే గెయిన్ దశలు రెండున్నాయి, రెండోది 640 దగ్గర మొదలవుతుంది. అంటే తక్కువ వెలుతురులో, షట్టర్ మార్చే వీల్లేనప్పుడు, 500 కంటే 640 మేలు. ఏ6400లో ఆ మలుపు ఎక్కడుందో ఈ వరసలోనే మీ కంటికి దొరుకుతుంది. 200కీ 800కీ మధ్య మూడో వంతు స్టాపుల్లో మళ్లీ తీస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది.

మలుపు తర్వాత ఐఎస్ఓ పెంచినా, ఇంటికొచ్చి స్లైడర్‌తో పెంచినా నీడల్లో పెద్ద తేడా రాదు. స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ మండిపోతుంటే ఇది బాగా పనికొస్తుంది. 1600 బదులు 640 పెట్టి, ఫొటో ముదురుగా తీసి, తర్వాత 1.3 స్టాపులు లాగితే ఆ గోడ రంగులు, తెల్ల పంచె అంచులు పేలిపోకుండా మిగులుతాయి.

పై కొస ఎక్కడ తెగుతుందో కూడా చూడాలి. ఐఎస్ఓ 100 దగ్గర కిటికీ బయట ఎండ కనిపించేలా పెట్టి, షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని మూడో వంతు స్టాపు చొప్పున పెంచుతూ పది ఫ్రేములు తీయండి. కెమెరా హిస్టోగ్రామ్ (వెలుగు పంపిణీ చూపే గ్రాఫు), జీబ్రా గీతలు (మరీ వెలుగైన చోట్ల తెర మీద వచ్చే చారలు) జేపెగ్ లెక్కన చెబుతాయి, రా ఫైలులో ఇంకా చోటు మిగిలే ఉంటుంది. రాడిగ్గర్ లాంటి సాధనంలో తెరిచి, ఏ ఫ్రేమ్‌లో పచ్చ ఛానెల్ పూర్తిగా నిండిపోయిందో చూస్తే జీబ్రా వచ్చాక ఎంత దాకా పోవచ్చో మీ బాడీకి తెలిసిపోతుంది.

మూడో పరీక్ష: రీడౌట్ వేగం, బల్బుతోనే

సైలెంట్ షట్టర్‌లో (కదిలే తెర లేకుండా తీసే పద్ధతిలో) సెన్సర్ పైనించి కిందికి వరస వరసగా చదవబడుతుంది. దానికి పట్టే రీడౌట్ సమయాన్ని కొలవడానికి మన కరెంటే గడియారం. చౌక ఎల్ఈడీ బల్బుతోనో, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్‌తోనో తెల్ల గోడకి వెలుగు వేసి, కెమెరా అడ్డంగా పట్టుకుని, సైలెంట్ షట్టర్‌లో 1/1000 లేదా ఇంకా వేగంగా తీయండి. గోడ మీద వెలుగు-చీకటి పట్టీలు అడ్డంగా కనిపిస్తాయి. ఒక వెలుగు, ఒక చీకటి కలిస్తే ఒక జత, జతకి 10 మిల్లీసెకన్లు. ఫ్రేము పైనించి కిందికి ఆరున్నర జతలుంటే 65 మిల్లీసెకన్లు, అంటే సుమారు సెకనులో పదిహేనో వంతు. పట్టీలు రాకపోతే బల్బు మంచిదన్నమాట, చెడ్డది తెచ్చుకోండి.

ఈ అంకె ఎందుకంటే, విజయనగరం సిరిమానోత్సవంలో జనం మధ్య కెమెరాని పక్కకి తిప్పుతూ సైలెంట్‌లో తీస్తారనుకుందాం. ఫ్రేము వెడల్పు 3 సెకన్లలో దాటేంత వేగంతో తిప్పితే, 60 మిల్లీసెకన్ల రీడౌట్‌లో పై అంచుకీ కింది అంచుకీ మధ్య 2 శాతం, అంటే 120 పిక్సెళ్లు జరుగుతుంది. కోట గోడలు, కరెంటు స్తంభాలు ఒరిగిపోతాయి. మెకానికల్ షట్టర్‌కి మారితే ఈ బెడద ఉండదు. ఫంక్షన్ హాల్ ఫొటోల్లో చారలొచ్చాయని సెన్సర్ని తిట్టేవాళ్లు ఎక్కువ మంది సైలెంట్ మోడ్ ఆన్ చేసి మరిచినవాళ్లే.

వీడియోకి కూడా ఇదే పద్ధతి. మెనూలో పాల్ (మన దేశపు వీడియో పద్ధతి) ఎంచుకుని 4కే 25పీ (సెకనుకి 25 ఫ్రేములు) తీసి, ఒక ఫ్రేము బయటికి లాగి జతలు లెక్కపెట్టండి. 30పీ పెడితే ఈ రెండు బాడీలూ ఫ్రేముని 1.2 రెట్లు క్రాప్ చేస్తాయి, కొలత మారిపోతుంది.

నాలుగో పరీక్ష: నేత గుడ్డ మీద రంగుల అలలు

ఖద్దరు, దోమతెర, సన్న జరీ మీద కొన్నిసార్లు లేని రంగు చారలు కనిపిస్తాయి. అదే మోయిరే. నేతలో ఒక దారం నించి పక్క దారానికి ఉన్న దూరం సెన్సర్ మీద రెండు పిక్సెళ్లంత అయ్యే చోట అది విజృంభిస్తుంది. ఆ చోటు ముందే లెక్క కట్టొచ్చు. 1 మి.మీ. గడుల దోమతెరని 50 మి.మీ. లెన్సుతో తీస్తే ఏ6400కి సుమారు 6.4 మీటర్ల దగ్గర, ఏ7 మార్క్ 3కి 4.2 మీటర్ల దగ్గర ఆ స్థితి వస్తుంది. ఎరుపు, నీలం పిక్సెళ్లు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి కాబట్టి రంగు చారలు ఇందులో సగం దూరం నించే మొదలవుతాయి. తెరకి 2 మీటర్ల నించి మొదలుపెట్టి అర మీటరు చొప్పున వెనక్కి జరుగుతూ, ఎఫ్4 లేదా 5.6లో, ప్రతిసారీ ఫోకస్ కొత్తగా పట్టి తీయండి. ఎఫ్16 పెట్టకండి, లెన్సు రంధ్రం బాగా చిన్నదైనప్పుడు వచ్చే డిఫ్రాక్షన్ మసకలో మోయిరే దాక్కుని సెన్సర్ మంచిదనిపిస్తుంది.

పక్షులు తీసేవాళ్ల లెక్క తలకిందులు

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీది పెయింటెడ్ స్టార్కులు, పెలికాన్లు తీసేవాళ్లకి ఫ్రేము ఎప్పుడూ నిండదు, ఎలాగూ క్రాప్ చేస్తారు. మీటరు ఎత్తు పక్షి 60 మీటర్ల దూరంలో, 600 మి.మీ. లెన్సుతో సెన్సర్ మీద 10 మి.మీ. పడుతుంది. ఏ6400లో అది సుమారు 2550 పిక్సెళ్లు, ఏ7 మార్క్ 3లో 1685. పక్షి మీద పడే వెలుతురు రెండింట్లో ఒక్కటే, ఎందుకంటే లెన్సు ఒక్కటే, బొమ్మ సైజు ఒక్కటే. ఫుల్ ఫ్రేమ్‌లో మిగిలిన సెన్సరంతా చుట్టూ ఉన్న కొమ్మలకే ఖర్చవుతుంది. కాబట్టి ఈ పనికి, పొద్దుటి ఎండలో, చిన్న సెన్సరే ఈకల గీతలు ఎక్కువ చూపిస్తుంది. ఇంట్లో సరిచూడాలంటే రెండు బాడీలకీ ఒకే ఫోకల్ లెంగ్త్, ఒకే దూరంలో పేపరు అంటించి తీసి, ఏ7 మార్క్ 3 ఫొటోని ఏ6400 సైజుకి పెంచి అక్షరాలు చదవండి.

సెకండ్ హ్యాండ్ బాడీ అయితే

లెన్సుకి మూత పెట్టి, ఐఎస్ఓ 1600, 30 సెకన్లు, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిజ్ రిడక్షన్ ఆఫ్ చేసి ఒక ఫ్రేము తీయండి. అరగంట వీడియో నడిపి బాడీ వేడెక్కాక మళ్లీ ఒకటి. రంగు చుక్కలు కొన్ని ప్రతి సెన్సర్‌లోనూ ఉంటాయి, వేడికి పెరుగుతాయి. మే నెల ఎండల్లో ఒక బాడీని, డిసెంబరులో ఇంకొకదాన్ని పరీక్షించి పోల్చకండి. నిలువునా గానీ అడ్డంగా గానీ ఒక గీత పూర్తిగా కనిపిస్తే మాత్రం బేరం వదిలేయండి. డీజే స్టేజీ లేజర్ నేరుగా లెన్సులోకి పడిన బాడీల్లో అలాంటి గీతలు, మచ్చలు మిగులుతాయి, వాటికి సెన్సర్ మార్చడం తప్ప మందు లేదు.

దుమ్ముకి ఎఫ్16 పెట్టి, ఫోకస్ కావాలనే తప్పించి, తెల్ల గోడని తీయండి. కళింగపట్నం, బారువ తీరాల్లో వాడిన బాడీల మీద ఉప్పు తేమ చుక్కలు గుండ్రటి అంచులతో ఉంటాయి, పొడి దుమ్ము మచ్చలు ఆకారం లేకుండా ఉంటాయి. దుమ్ము రబ్బరు బ్లోయర్‌తో పోతుంది. మెనూలో క్లీనింగ్ మోడ్ పెట్టి, మౌంట్ నేల వైపు తిప్పి ఊదండి. నోటితో ఊదొద్దు, గాలి డబ్బా స్ప్రే అసలు వద్దు, అందులోని ద్రవం గడ్డకట్టి అంటుకుంటుంది. ఉప్పు చుక్కలకి తడి స్వాబ్ కావాలి: ఫుల్ ఫ్రేమ్‌కి 24 మి.మీ., ఏపీఎస్-సీకి 16 మి.మీ. వెడల్పుది, ఒక్కో స్వాబ్ ఒక్కసారికే. ఈ రెండు బాడీల్లోనూ స్విచ్ ఆపినా షట్టర్ తెరిచే ఉంటుంది కాబట్టి ఒడ్డున గాలికి ఎదురుగా లెన్సు మార్చకండి.